ఇంకను సమయము రాలేదను మాట

అధికారము చేతనున్నవారు దానిని విడువకుండుటకై పలుకు మాటలలో మిక్కిలి మర్యాదగల మాట యొకటి కలదు. "మీకు అధికారము తగదు" అని వారు చెప్పరు. "మీకు ఇంకను సమయము రాలేదు" అని చెప్పుదురు. తండ్రి కుమారునితోను, అత్త కోడలితోను, ఊరు పల్లెతోను, తెల్లవాడు నల్లవానితోను ఈ మాటనే చెప్పుచు వచ్చిరి. ఇందు తిరస్కారము లేదు, వాత్సల్యమే కలదని వినువాడు గూడ భ్రమపడును. ఆ సమయ మెప్పుడు వచ్చునో యెవరును చెప్పరు. వచ్చెనని నిర్ణయించువాడు ఎల్లప్పుడును పీఠముపై కూర్చున్నవాడే గాని క్రింద నిలిచినవాడు కాడు.

ఈ మాటయొక్క చరిత్రను తెలిసికొనగోరువారు దూరము పోనక్కరలేదు. బెజవాడనుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, కొత్తగూడెము శాఖ చీలుచోట, డోర్నకల్ అను ఊరు కలదు. నేడది తెలంగాణ రాష్ట్రమునందలి మహబూబాబాదు జిల్లాలోనిది. రైలు మారువారికి తప్ప తక్కినవారికి దాని పేరుతో పని తక్కువ. ఆ చిన్నయూరు 1912లో ఆంగ్లికను క్రైస్తవసంఘమున ఒక అధ్యక్షఖండమునకు, అనగా ఒక బిషప్పు పాలించు ప్రదేశమునకు, ముఖ్యస్థానమయ్యెను. మేము ఆ సంఘమునకు చెందినవారము కాము. ఆ మతమును పొగడుటకుగాని తెగడుటకుగాని యిది వ్రాయుటలేదు. మనుష్యులు మనుష్యులను నమ్మి పెత్తనము నప్పగించుట యెంత కష్టమో, అప్పగించినపుడేమి జరుగునో చూపుటకు ఆ ఖండము చరిత్రవంటిది మాకు మరియొకటి కనబడలేదు గనుక వ్రాయుచున్నాము.

ఈ విషయముపై మాకు శ్రద్ధ కలుగుటకు కారణము మా గ్రామమే. మా బాల్యము కృష్ణామండలమునందలి యొక పల్లెటూరిలో గడచినది. ఊరికి తూర్పున మాలపల్లె. పల్లెలో పెంకుటి దేవళము. దాని ప్రక్కనే గురువుగారి యిల్లు. గురువుగారనుట పల్లెవారి మాట. ఊరివారు ఆయనను పేరుపెట్టి, అదియు సగము పేరుపెట్టి, పిలిచెడివారు. పట్టాళములో నున్న కొడుకునకు జాబు వ్రాయింపవలసినను, తాలూకా కచేరీనుండి వచ్చిన కాగితములో నేమున్నదో తెలియవలసినను, మోతుబరులు ఆ యింటికే పోయెడివారు. అరుగు ఎక్కరు, వీధిలో నిలిచి "ఒరే" యని కేక వేయుదురు. ఆయన కలము కాగితము తీసికొని దిగివచ్చి, ప్రహరీగోడపై కాగితముంచి, నిలిచియే వ్రాసి యిచ్చెడివాడు. ఆయన చదువు ఊరందరికిని అక్కరకు వచ్చెను. ఆయన పెద్దరికము మాత్రము ఊరిలో నెవరికిని అక్కరలేకపోయెను. ఆ గురువుగారిని చదివించి, ఆయన తలపై చేతులుంచి, "నీవు పెద్దవు" అని మొదట చెప్పినవారెవరో తెలిసికొనగోరి మేమీ చరిత్రను వెదకితిమి.

ఆంధ్రదేశమునందు ఈ సంఘమువారి పని 1841లో బందరున ప్రారంభమయ్యెను. రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అను ఇరువురు ఇంగ్లీషువారు ఆ యేట వచ్చిరి. ఫాక్సు 1848లో మరణించెను. నోబిలు 1843లో పాఠశాలను స్థాపించి, 1865లో తాను మరణించువరకు దానినే నమ్ముకొని యుండెను. ఆయన యుద్దేశము స్పష్టమైనది: పైకులముల బాలురు మారినచో వారివెంట దేశమంతయు మారునని ఆయన తలంచెను. నీరు పల్లమునకు పారునట్లు జ్ఞానమును పైనుండి క్రిందికి దిగునని యనుకొనెను. 1852లో ఆ పాఠశాల విద్యార్థులు ఇరువురు బాప్తిస్మము పొందినప్పుడు పట్టణమున గొప్ప అలజడి కలిగెను. బిడ్డలను మానిపించిన తలిదండ్రులు పెక్కురు. చదువు ఎగువనుండి దిగువకు వచ్చెనేమో గాని సంఘము మాత్రము అట్లు రాలేదు.

అది దిగువనుండియే వచ్చెను. నందిగామ ప్రాంతమున రాఘవాపురములో పగోలు వెంకయ్య యను మాలకులస్థు డుండెను. తొలుత దొంగలకు నాయకుడై యుండి, పిమ్మట విగ్రహములయందు విశ్వాసము పోయి, పేరు తెలియని దేవునికి ప్రార్థన చేయుచుండెనని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. 1859లో డార్లింగను మిషనరీ ఆయనకు బాప్తిస్మ మిచ్చెను. దానితో పల్లెతరువాత పల్లె కదలెను. పాఠశాల పెట్టిన దొరలు ఎదురుచూచిన వీధి వేరు. జనులు వచ్చిన వీధి వేరు. ఈ జనులు నమ్మకముచేత వచ్చిరా, బడికొరకు వచ్చిరా, భూస్వామి దెబ్బనుండి కాపుదలకొరకు వచ్చిరా యని అప్పుడును ప్రశ్నించిరి, ఇప్పుడును ప్రశ్నింతురు. ఆకలిగొన్నవానికి అన్నము వేరు, మర్యాద వేరు అని విభజించు తీరిక ఉండునా? కడుపు నిండినవారే యట్లు విభజింపగలరు.

జనులు వేలకొలది చేరిరి గాని పెత్తనము మాత్రము దొరలచేతనే నిలిచెను. దేశీయుడు ఉపదేశి కావచ్చును, పంతులు కావచ్చును, గురువు సైతము కావచ్చును. బిషప్పగుటకు మాత్రము సమయము రాలేదు. ఆ తలుపు తట్టినవాడు తెలుగువాడు కాడు. ఆయన వేదనాయకం సామ్యుయేల్ అజరయ్య. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై యను గ్రామమున జన్మించెను. తండ్రి గ్రామగురువు. వంశము నాడారులది, తాటిచెట్లనాశ్రయించి బ్రదికి, దేవాలయప్రవేశమునకు నోచుకొనక, తమ స్త్రీల వస్త్రధారణకొరకు సైతము పోరాడవలసి వచ్చిన కులమది. మదరాసు క్రైస్తవకళాశాలలో చదివి, 1895 మొదలు యువక్రైస్తవసంఘమున కార్యదర్శిగా దేశమంతయు తిరిగెను. 1903లో తిరునెల్వేలివారు, తమ ధనముతో తమ మనుష్యులతో తమ పెత్తనముక్రింద నడుచునట్లు, ఒక స్వదేశ మిషనును స్థాపించినపుడు అందాయన ముఖ్యుడు. వారు తమ పనికి డోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొనిరి. పరులను పొండని చెప్పిన కార్యదర్శి తాను పోకుండుట న్యాయము కాదని తలంచి, 1909లో అజరయ్య తానే వచ్చి, వయసు ముదిరిన పిమ్మట తెలుగు నేర్చుకొనెను. మొదట డేరాలో కాపురమున్నాడని చెప్పుదురు.

మరుసటియేడు, 1910లో, స్కాట్లండునందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీమహాసభ జరిగెను. వందలకొలది ప్రతినిధులలో ఆసియాఖండమువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే. అజరయ్య లేచి, దొరలకును దేశీయసేవకులకును మధ్యనున్న ఎడమును గూర్చి మాటలాడెను. మీరు మా బీదలకు అన్నము పెట్టితిరి, మాకొరకు ప్రాణములనైన అర్పించితిరి, అందులకు మేము కృతజ్ఞులము. అయినను మాకింకను కావలసినది స్నేహము, అది మాత్రము మీరీయలేదు, అని ఆ ప్రసంగసారము. ఏండ్లతరబడి కలిసి పనిచేయువానిని ఒకనాడైన భోజనమునకు పిలువని దొరలను గూర్చి ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. సభలో కొందరికి కోపము వచ్చెను. చదువరులారా, ఈ కోపమును గమనింపుడు. దానమిచ్చినవాడు ఎంతటి నిందనైన సహించును గాని, నీవు నాకు సమానుడవుగా ఉండలేదని పుచ్చుకొన్నవాడు పలికినచో సహింపలేడు.

ఆయనను అధ్యక్షునిగా చేయవలెనని పట్టుబట్టినవాడు మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్. ఆక్షేపణలు రెండుదిక్కులనుండి వచ్చెను. దేశీయునికి లోబడి పనిచేయుట యెట్లని దొరలు. ఆ కులపువానికి లోబడుట యెట్లని మనవారు. తుదకు మధ్యేమార్గ మొకటి కుదిరెను. దొరల సంఖ్య అతిస్వల్పమైన చోట, నిజాము ఏలుబడిలోని యొక చిన్నభాగమును కత్తిరించి, దానిని ఖండమని పేర్కొని, ఆయన కప్పగించిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింటుపాలు దేవాలయమున ఆయనకు అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడాయన. గౌరవమును పెద్దదిగాను, అధికారమును చిన్నదిగాను చేసి యిచ్చు నేర్పు పాలకులకు క్రొత్త కాదు.

ఆ చిన్నదానిని ఆయన పెద్దదిగా చేసెను. 1920 ప్రాంతమున కృష్ణాగోదావరీ సీమలు, నంద్యాల ప్రాంతము ఆ ఖండమున చేరగా, ఇంగ్లీషు మిషనరీలు సైతము ఆయన పాలనక్రిందికి వచ్చిరి. 1930 దశకము నడుమకు ఆ ఖండమున సుమారు 200,000 మంది క్రైస్తవులును, 250 మంది దేశీయగురువులును, 2,000కు మించిన గ్రామోపాధ్యాయులును ఉండిరి. ఈ లెక్కలలో మాకు ముఖ్యముగా తోచునది మొదటిది కాదు, తరువాతి రెండును. చేరినవారిని లెక్కించుట సులభము. చేరినవారిలోనుండి పెద్దలను తయారుచేయుట కష్టము. ఆ గురువులలో పెక్కురు, ఆ పంతుళ్లలో దాదాపు అందరును, తండ్రి చెప్పులు కుట్టిన యిండ్లనుండియో, తాత వెట్టిచేసిన యిండ్లనుండియో వచ్చినవారు. పూర్తిగా చదువుకొన్నపిమ్మట పని యిత్తుమని ఆయన కాచుకొనలేదు. నాలుగక్షరములు వచ్చినవానికి రెండక్షరములు రానివానిని అప్పగించెను. పని చేయుచుండగనే పనివాడు తయారగునని ఆయన నమ్మకము.

డబ్బు విషయమునను ఇదే పద్ధతి. పరదేశపు చందాలతో నిలిచిన సంఘము పరదేశపు మాటకు లోబడక తప్పదని యెరిగి, పల్లెవారు తమ గురువును తామే పోషింపవలెనని బోధించెను. కూలివారియొద్ద రొక్క మెక్కడిది? అందుచేత పొయ్యిమీద ఎసరు పెట్టునపుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచు ఆచారమును వ్యాపింపజేసిరి. పుచ్చుకొనుటకు మాత్రమే పుట్టితిమనుకొన్నవారు ఇచ్చువారైరి. మురికి, రోగము, ఋణము, మద్యము అను నాలుగు దయ్యములను వెడలగొట్టవలెనని ఆయన తిరిగిన ప్రతి పల్లెలోను చెప్పెను. ఈ నాలుగింటిలో మూడవది షావుకారుకును, నాలుగవది సారాయి గుత్తదారునకును లాభకరమైనవి గనుక ఈ బోధ కేవలము మతబోధగా నుండలేదు.

అయినను అసలైన పరీక్ష వెలుపల లేదు, లోపలనే కలదు. దొర తనతో భోజనము చేయలేదని ఎడింబరోలో పలికినవాడు, తన ఖండమున మాలవాడు మాదిగవానితో కలిసి కూర్చుండనన్నపుడు ఏమి చేయవలెను? మాలపల్లెల తరువాత మాదిగపల్లెలు చేరినపుడు పలుచోట్ల ఈ చిక్కు వచ్చెను. ఒకే పాత్రనుండి ప్రభుభోజనము పుచ్చుకొనుటకు మాలలు వెనుదీసిరి. తమకు ఊరిబావి లేదని ఏడ్చినవారే తమ బావిని మాదిగలకు తాకనీయరైరి. అజరయ్య యీ విషయమున మెత్తబడలేదు. పాత్ర యొక్కటే, బల్ల యొక్కటే, ఇష్టములేనివారు దూరముగా నుండవచ్చునని కట్టడి చేసెను. కాని కట్టడి చేయుట వేరు, కడతేర్చుట వేరు. దేవళములో ఒక్క బల్లయొద్దకు వచ్చినవారు పెండ్లిసంబంధములలో ఒక్కటి కాలేదు; రెండు పల్లెలకు రెండు దేవళములున్న ఊళ్లను నేటికిని చూడవచ్చును. ఆయన యోడిపోయెనని మేమనము. తాను పొందగోరిన గౌరవమును తన క్రిందివానికి ఇచ్చుట యెంత కష్టమో యీ చరిత్ర దాచక చెప్పుచున్నదని మాత్రమే అనుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట కొత్తగూడెము పోవుచు డోర్నకల్‌లో దిగి, అచ్చటి పెద్ద దేవాలయమును చూచితిమి. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన కట్టడమది. దూరమునుండి గుమ్మటములను, మీనారులను చూచి మసీదని యనుకొందుము. దగ్గరకు పోయి స్తంభములను చూచి మండపమని యనుకొందుము. లోపల సిలువను చూచిన పిమ్మట గాని సంగతి తెలియదు. తామరపూవు చెక్కిన రాతిని చేతితో తడివి చూచితిమి. ఇంగ్లండునందలి దేవాలయమును తెచ్చి తెలంగాణపు బండలపై నిలుపుట సులభమైన పని. ఇరుగుపొరుగువారి గుడులనుండియు మసీదులనుండియు మర్యాదతో ఎరువు తెచ్చుకొనుట కష్టమైన పని. ఆనాడు ఆదివారము. ఆరాధన ముగియుచుండగా ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి గంపలో బియ్యము పోసెను. గంప పట్టుకొన్న పిల్లవాడు ఆమెకు తలవంచెను. ఆమెకు తలవంచినవారు ఆమె జీవితములో ఎందరుందురో యని మేమాలోచించితిమి.

1935లో అంబేద్కరుగారు తాను హిందువుగా మరణింపనని యేవలాలో ప్రకటించిన పిమ్మట, దళితుల మతాంతరములను గూర్చి దేశమున తీవ్రవాదములు చెలరేగెను. మహాత్మాగాంధీగారు సామూహిక మతాంతరములను గట్టిగా ఖండించిరి. 1936 డిసెంబరున హరిజన్ పత్రికలో వెలువడిన యొక సంభాషణమున, మతములలోని తారతమ్యము నెంచు శక్తి ఆ జనులకు ఆవున కున్నదానికంటె ఎక్కువగా లేదను భావమును పలికిరి. అస్పృశ్యతపై అంతటి యుద్ధము చేసిన మహనీయుని నోట ఈ మాట వచ్చుట చూడగా, మంచివారి ప్రేమలో గూడ 'సమయము రాలేద'ను మాట దాగియుండునని తెలియుచున్నది. గాంధీగారి భయము నిష్కారణమైనది కాదు. ఓట్ల లెక్కలకొరకు మనుష్యులను మందలుగా తోలుకొనుట యెచ్చటనైన నింద్యమే. అజరయ్య సైతము క్రైస్తవులకు ప్రత్యేకనియోజకవర్గములు వలదనిన స్వదేశాభిమాని. కాని ఈ యొక్క విషయమున ఆయన గాంధీగారితో ఏకీభవింపలేదు. తన మేలు తానెన్నుకొను వివేకము మాలమాదిగలకు గూడ కలదని ఆయన వాదము. ఆ వాదమునకు ఆయన చూపగలిగిన సాక్ష్యము శాస్త్రము కాదు. ఆ 250 మంది గురువులే.

ఇక ఆ ఖండపు చరిత్రలో మమ్ము మిక్కిలి ఆలోచింపజేసిన ఘట్టము. అజరయ్య 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లోనే మరణించెను. ముప్పదిరెండు సంవత్సరముల కాలములో, ఒక ఖండమునకు సంపూర్ణాధికారము గల ఆంగ్లికను బిషప్పులలో భారతీయుడు ఆయన యొక్కడే. ఒక్కనిని కూర్చుండబెట్టి, చూచితిరా, మేము పక్షపాతులము కామని లోకమునకు చెప్పుటకు ఆ యొక్కడే చాలెను కాబోలు. అంతకంటె విచిత్రము మరియొకటి: మొదటి భారతీయాధ్యక్షుడు కూర్చున్న ఆ పీఠమునందే, ఆయన తరువాత 1945లో కూర్చున్నవాడు విదేశీయుడు. ఆయనకు 1935 నుండి సహాయకుడుగా నున్న ఆంథొనీ ఎలియట్ దొర. ఆయన మంచివాడే, కష్టపడి పనిచేసినవాడే. కాని వందలకొలది తెలుగు గురువులను తయారుచేసిన ఖండమున ఒక్క తెలుగువానికి ఆనాడు సమయము రాలేదా? ఎలియట్ దొర దశాబ్దముపాటు పాలించి వెళ్లిన పిమ్మటనే, 1956లో, పి. సాలొమన్ గారు డోర్నకల్ పీఠము నెక్కిరి. గొప్పవాని నీడ చల్లనిదే. కాని ఆ నీడలో మొలక లెదుగుట కష్టము. క్రిందివారిని పైకి తెచ్చుటలో అంతటి నేర్పు చూపినవాని ఖండము, తన ప్రక్కన నిలువదగినవానిని సకాలమున నిలుపలేకపోయెను.

1919లో తరంగంబాడిలో అజరయ్యయు ఇతరులును ప్రారంభించిన సంఘైక్యప్రయత్నము 1947 సెప్టెంబరు 27వ తేదీన ఫలించెను. ఆనాడు మదరాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, మరికొన్ని శాఖలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘమైరి. డోర్నకల్ ఆంగ్లికను ఖండముగా నుండుట మాని, క్రొత్త సంఘమున ఒక ఖండమయ్యెను. దానినుండి చీలిన కృష్ణాగోదావరీ ఖండమునకు వై. ముత్యాలుగారను తెలుగువారు అధ్యక్షులైరి. కాని నంద్యాల ప్రాంతమున పెక్కురు ఈ యైక్యమునకు సమ్మతింపక పాత ఆంగ్లికను సంఘముననే నిలిచిరి. 1975లో గాని వారు వచ్చి చేరలేదు. వెనుకబడినవారని వారిని పరిహసించినవారు కొందరు కలరు. వారును ఒకటి గమనింపవలెను: 2013 సెప్టెంబరు 30వ తేదీన దక్షిణ ఇండియా సంఘమున మొదటి స్త్రీ అధ్యక్షురాలుగా పుష్పలలితగారు అభిషేకము పొందినది ఆ నంద్యాల ఖండమునకే. బియ్యపు పిడికిళ్లతో సంఘమును నిలిపిన స్త్రీలకు పీఠమెక్కు సమయము వచ్చుటకు నూరు సంవత్సరములు పట్టెను.

భారతీయునికి 1912, తెలుగువానికి 1947, స్త్రీకి 2013. ఈ మూడు తేదీలలో ఏ తేదీకి ముందుదినమునను వారు అయోగ్యులు కారు, మరుసటిదినమున ఆకస్మికముగా యోగ్యులును కాలేదు. మారినది వారి యోగ్యత కాదు, ఇచ్చువారి మనస్సు. యోగ్యత వచ్చిన పిమ్మట అధికార మిత్తుమనుట, ఈత వచ్చిన పిమ్మట నీటిలో దిగుమనుటవంటిది.

ఈ మాట ఒక మతసంఘమునకు మాత్రమే చెల్లునని చదువరులు తలంపకుందురుగాక. మన గ్రంథాలయసభలలో, విద్యాసంస్థలలో, సహకారసంఘములలో, మన యిండ్లలో, ఎవరెవరికి మనము ఇంకను సమయము రాలేదని చెప్పుచున్నామో ప్రతివారును వ్రాసికొని చూచుకొనవలెను. ఆ పట్టికలో మనకంటె పైవారు ఒక్కరును ఉండరు. మనకు సమయము వచ్చినదని వాదించుటలో మనమందరము న్యాయవాదులమే. పరులకు వచ్చినదా యనునపుడు మాత్రము న్యాయాధిపతులమగుదుము. ఒక్క దినమైనను ఈ రెండు ఆసనములను తారుమారు చేసి కూర్చుండగలిగినచో సంస్కరణమునకు వేరుగా ముహూర్తము చూడనక్కరలేదు.